ఒళ్లు తగ్గింది, మాత్రల లెక్క పాతదే

ప్రశ్న: నా వయసు 47. పదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ, అంతకు ముందు నుంచే థైరాయిడ్. పొద్దున పరగడుపున థైరాక్సిన్ 100 మైక్రోగ్రాములు, ఎనిమిదింటికి టిఫిన్ ముందు షుగర్ మాత్ర, తిన్నాక బీపీ మాత్ర, రాత్రి మళ్లీ షుగర్ మాత్ర వేసుకుంటాను. మోకాళ్ల నొప్పి ఎక్కువైన రోజు డైక్లోఫెనాక్. మూడు నెలల క్రితం వేరే డాక్టరు గారు బరువు తగ్గడానికి వారానికొకసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ రాశారు. ఇప్పుడు డోసు 1 మిల్లీగ్రాముకి వచ్చింది. 84 కిలోల నుంచి 78కి దిగాను. కానీ రెండు వారాలుగా పదకొండు గంటలకల్లా చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయి. ఇంజెక్షన్ సంగతి పాత షుగర్ డాక్టరు గారికి చెప్పలేదు, కోప్పడతారని భయం. సూది చర్మం కిందే కదా వేసుకునేది, కడుపులోకి వెళ్లదు కదా, మరి మాత్రలతో దానికేం సంబంధం? మా చెల్లెలు టిర్జెపటైడ్ అనే ఇలాంటి ఇంజెక్షనే వాడుతోంది, ఆమె పిల్లలు పుట్టకుండా మాత్రలు కూడా వేసుకుంటుంది. ఆమెకూ ఇదే వర్తిస్తుందా? ఇంకో మాట, మా ఫ్రెండ్ తన దగ్గర మిగిలిన ఓర్లిస్టాట్ స్ట్రిప్ ఇచ్చింది. అది కూడా కలిపి వాడితే త్వరగా తగ్గుతానా? (పేరు రాయవద్దని కోరారు.)

జవాబు: ముందు ఆ పదకొండు గంటల వణుకు సంగతి చూద్దాం. మిగతావన్నీ ఒక రోజు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

మీరు స్ట్రిప్ మీద ఉన్నవన్నీ చూసి రాసి పంపడం మంచిదైంది. మీరు ‘షుగర్ మాత్ర’ అంటున్నది చూడ్డానికి ఒకటే, లోపల మాత్రం రెండు మందులున్నాయి: మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు, గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు. ఈ రెండోదే మన కథలో ముఖ్యం. గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథిని పట్టుకుని ఇన్సులిన్ వదులు, వదులు అని తోస్తుంది. మీరు తిన్నారా, తినలేదా అని చూడదు. వేసుకున్న రెండు మూడు గంటలకు రక్తంలో దాని మోతాదు బాగా పెరుగుతుంది. మీరు ఎనిమిదింటికి వేసుకుంటున్నారు, వణుకు పదకొండుకు వస్తోంది. గడియారమే జవాబు చెబుతోంది.

మరి పదేళ్లుగా రానిది ఇప్పుడే ఎందుకొచ్చింది? పదేళ్లుగా ఆ మాత్ర వెనకాల నిండు టిఫిన్ ఉండేది. ఇప్పుడు నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుందని మీరే ఉత్తరంలో ఇంకోచోట రాశారు. మాత్ర పాత పళ్లేనికి సరిపడా ఇన్సులిన్ తెప్పిస్తోంది, పళ్లెం మాత్రం సగమైంది. పైగా సెమాగ్లూటైడ్ కూడా ఇన్సులిన్‌ను పెంచే మందే. కాకపోతే రక్తంలో షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడే పెంచుతుంది, తగ్గితే ఊరుకుంటుంది. అందుకే అది ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ మీకు ఇన్నాళ్లూ పడింది, ఇంజెక్షనూ విడిగా పడేదే. రెండూ ఒకే ఇంట్లో కాపురం పెట్టేసరికి తంటా వచ్చింది.

ఇది నా అంచనా. గ్లూకోమీటర్‌తో నిర్ధారణ చేసుకోవాలి. రేపు వణుకు మొదలవగానే ఇంకేమీ నోట్లో వేసుకోకముందు వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే అది లో షుగరే. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, లేదా అంతే గ్లూకోజ్ పొడి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగండి. చాలామంది చాక్లెట్ తింటారు. అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఆ సమయంలో మనకు ఆలస్యం పనికిరాదు. మీటర్ చేతికందకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, ముందు పంచదార నీళ్లు తాగేయండి. మాట తడబడినా, మగత కమ్మినా ఇంట్లోవాళ్లు నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవాలి. ఈ ముక్క మీకే కాదు, ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఇక ఫోన్. రేపు కాదు, ఈరోజే షుగర్ డాక్టరు గారికి చేయండి. కోప్పడితే పడనివ్వండి. “సెమాగ్లూటైడ్ 1 మిల్లీగ్రాము వాడుతున్నాను, గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటున్నాను, పదకొండుకు వణుకు వస్తోంది” అని ఈ మూడు ముక్కలూ వరసగా చెబితే చాలు, విషయం ఆయనకు అర్థమవుతుంది. గ్లిమిపిరైడ్ తగ్గించడమో, పూర్తిగా ఆపి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచడమో చేస్తారు. ఇలాంటి ఇంజెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ఆ పని చేయడం మామూలే. మీ విషయంలో అది జరగలేదంటే ఒక డాక్టరు గారికి ఇంజెక్షన్ సంగతే తెలియదు, ఇంకొకరికి మాత్ర లోపల ఏముందో తెలిసి ఉండదు. ఆయన దొరికేలోపు ఒక్క జాగ్రత్త: భోజనం చేయలేని పూట గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేసుకోకండి. ఇన్సులిన్ వాడేవాళ్లకూ ఇదే ప్రమాదం ఉంది, ఇంకాస్త ఎక్కువగానే. కానీ వాళ్లు ఇన్సులిన్‌ను సొంతంగా ఆపేయకూడదు. ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

మీకు సంబంధం లేకపోయినా చదివేవాళ్ల కోసం ఒక మాట. గుండె దడకో బీపీకో మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి వాడేవాళ్లకు షుగర్ పడిపోయినా చేతులు వణకవు, గుండె దడదడలాడదు. ఆ మందులు ఆ హెచ్చరికలను నొక్కేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పట్టిందంటే మీటర్ తీయాల్సిందే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. సూది కడుపులోకి వెళ్లదు కదా అన్నారు. నిజమే, మందు కడుపులోకి వెళ్లదు. కానీ దాని మాట వెళ్తుంది. రక్తంలో కలిసి మెదడుకు ఆకలి లేదని చెబుతుంది, కడుపుకు మెల్లగా కానిమ్మని చెబుతుంది. మనం మింగే మాత్రల్లో ఎక్కువ భాగం రక్తంలోకి చేరేది చిన్నపేగుల నుంచి, కడుపు దానికి గుమ్మం లాంటిది. గుమ్మం నెమ్మదిగా తెరుచుకుంటే మాత్ర కూడా ఆలస్యంగానే లోపలికి వెళ్తుంది. కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో చూడాలంటే పరిశోధకులు పారాసిటమాల్ మింగించి, అది రక్తంలో ఎప్పుడు కనిపిస్తుందో కొలుస్తారు. తలనొప్పి మాత్ర కొలబద్దగా పనికొస్తుందంటే నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది.

అయితే దీని గురించి టెన్షన్ పడొద్దు. చాలా మాత్రలు కాస్త ఆలస్యంగా చేరతాయే తప్ప, చేరాల్సినంతా చేరతాయి. బీపీ మాత్ర అరగంట లేటైతే మీ బీపీకి తెలియను కూడా తెలియదు. ఇంకో మంచి విషయం కూడా ఉంది. మందుల మధ్య పెద్ద గొడవలు సాధారణంగా కాలేయంలో జరుగుతాయి, ఒకే ఎంజైమ్ కోసం రెండు మందులు పోటీ పడినప్పుడు. సెమాగ్లూటైడ్ ఆ పోటీలోకే రాదు. అది ప్రొటీన్ లాంటి పదార్థం, శరీరం దాన్ని ముక్కలు చేసి అరిగించేసుకుంటుంది. అందుకే మందుల షాపులో కంప్యూటర్లో కొట్టి చూస్తే మీ బీపీ మాత్ర పక్కన, థైరాయిడ్ మాత్ర పక్కన పెద్ద ఎర్ర గుర్తులేమీ రాకపోవచ్చు.

ఆ కంప్యూటర్‌కి కనిపించనిదే మీకు జరుగుతున్నది. మందూ మందూ కొట్టుకోవడం లేదు. మీ ఒళ్లు మారింది. తిండి తగ్గింది, తాగే నీళ్లు తగ్గాయి, ఆరు కిలోలు పోయాయి. డోసులు మాత్రం 84 కిలోల మనిషికి రాసినవి.

బీపీ మాత్ర సంగతి అదే. మీది కూడా రెండు మందుల మాత్రే: టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5. మొదటిది రక్తనాళాలను వదులు చేస్తుంది, రెండోది మూత్రం ద్వారా నీరు, ఉప్పు బయటికి పంపుతుంది. బరువు తగ్గితే బీపీ దానంతటదే కొంత దిగుతుంది. దానికి తోడు ఆకలి లేనివాళ్లకు దాహం కూడా గుర్తుండదు. భోజనంతో పాటు తాగే నీళ్లు, భోజనంలోనే ఉండే నీళ్లు, రెండూ తగ్గుతాయి. అప్పటికే నీరు తగ్గిన ఒంట్లోంచి మాత్ర ఇంకా నీరు తోడేస్తుంటే లేవగానే కళ్లు తిరగక ఏమవుతుంది?

మా నాన్నగారికి ఇలాగే అయింది. బరువు మందు కాదు, జబ్బు చేసి చిక్కిపోయారు. మందుల మధ్యే బతికే నాకు కూడా ఆయన బీపీ మాత్ర గుర్తు రాలేదు. తెల్లవారుజామున లేచి రెండడుగులు వేసి పడిపోయారు. చెయ్యి విరిగింది. ఆ మాత్ర ఆయన పాత ఒంటికి రాసినదని ఆసుపత్రిలో కూర్చున్నాక వెలిగింది నాకు. అందుకే మీ ఉత్తరంలో ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్నచోట నేను ఆగిపోయాను.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఇలా చేయండి. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని ఒకసారి చూడండి. తర్వాత లేచి నిలబడి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. పక్కన ఎవరినైనా ఉంచుకోండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. “కళ్లు తిరుగుతున్నాయండీ” అనే మాట కంటే “కూర్చుంటే 118, నిలబడితే 94” అన్న కాగితం త్వరగా పని చేస్తుంది.

డైక్లోఫెనాక్ మాత్రం వదిలేయమని గట్టిగానే చెబుతున్నాను. టెల్మిసార్టాన్ లాంటి మందు, నీరు తీసే మందు, వీటి మీద డైక్లోఫెనాక్ గానీ ఐబుప్రొఫెన్ గానీ చేరితే కిడ్నీలు మూడు వైపుల నుంచి నలుగుతాయి. ఒకటి కిడ్నీకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది, ఒకటి కిడ్నీ లోపలి ఒత్తిడిని తగ్గిస్తుంది, ఇంకొకటి ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. ఇంజెక్షన్ డోసు పెంచిన వారం వాంతులో విరేచనాలో పట్టుకుంటే అదే నాలుగో దెబ్బ. నొప్పికి డాక్టరు ఒప్పుకున్న డోసులో పారాసిటమాల్ వాడుకోండి, పూత మందు గురించి అడగండి. ఆరు కిలోలు తగ్గాయి కాబట్టి మోకాళ్లు కూడా కొంచెం కనికరిస్తాయి.

ఒంటికి బాగోలేని రోజుల కోసం డాక్టరు గారిని ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి: “వాంతులతో రోజంతా ఏమీ నిలవకపోతే ఏ మాత్రలు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?” బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, మూడూ ఆ జాబితాలో ఉండే అవకాశం ఎక్కువ. మూత్రం ద్వారా షుగర్ బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లు ఇది తప్పకుండా అడగాలి. తిండి లేకుండా ఆ మందు ఒంట్లో ఉంటే షుగర్ అంకె మామూలుగానే ఉంటూ రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. మీటర్ చూసి మోసపోతారు. ఇక సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి ‘గ్లిప్టిన్’ మాత్రలు వాడుతుంటే ప్రమాదం కాదు గానీ, అవి ఇంజెక్షన్ నడిచే దారిలోనే నడుస్తాయి కాబట్టి అదనంగా ఒరిగేది పెద్దగా ఉండదు. మామూలుగా ఆపేస్తారు. ఒక మాత్ర తగ్గినట్టే.

థైరాయిడ్ మాత్రకు కంగారు లేదు. ఇంజెక్షన్ ఏ రోజు వేసుకున్నా మాత్ర రోజులాగే పరగడుపున నీళ్లతో వేసుకుని, తినడానికి కనీసం అరగంట ఆగండి. అయితే థైరాక్సిన్ డోసు మనిషి బరువును బట్టి కూడా ఉంటుంది. థైరాయిడ్ అసలు పని చేయనివాళ్లకు కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన ఇస్తారు. బరువు ఇంకా తగ్గితే 100 ఎక్కువై గుండె దడ, నిద్ర పట్టకపోవడం రావచ్చు, అది ఇంజెక్షన్ వల్లేమో అనుకుంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి చాలు. సెమాగ్లూటైడ్‌ను మాత్రగా వాడేవాళ్లకు మాత్రం చిక్కుంది. అది కూడా పరగడుపునే, గుక్కెడు నీళ్లతో, మిగతా మందులన్నిటికంటే కనీసం అరగంట ముందు వేసుకోవాలి. పైగా థైరాక్సిన్ శరీరానికి అందే మోతాదును అది మూడో వంతు పెంచినట్టు తేలింది. ఆ రెండూ వాడేవాళ్లు ఏది ముందో డాక్టరుతో తేల్చుకోవాలి.

ఈ ఇంజెక్షన్ పెట్టె మీద థైరాయిడ్ క్యాన్సర్ గురించి హెచ్చరిక చదివి కూడా మీరు భయపడి ఉండొచ్చు. అది మెడ్యులరీ అనే అరుదైన రకం గురించి, అది తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవాళ్లు వాడకూడదని. మీలా థైరాయిడ్ తక్కువ పని చేయడం వేరు, ఇది వేరు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే పాఠకులెవరైనా ఉంటే, ఇంజెక్షన్ మొదలైన కొత్తలోనూ డోసు పెంచినప్పుడూ ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) తరచుగా చూపించుకోండి. తిండి మారితే ఆ అంకె మారుతుంది. ఎండోస్కోపీకో ఆపరేషన్‌కో మత్తు ఇస్తారంటే, అందరూ ఈ ఇంజెక్షన్ సంగతి ముందే చెప్పాలి. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి మామూలుగా చెప్పే గంటల ఉపవాసం సరిపోకపోవచ్చు. పడుకోబెట్టాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక మీ చెల్లెలి గురించి. మీకు చెప్పినదంతా ఆమెకు వర్తించదు, కానీ ఆమెకు ప్రత్యేకంగా ఒకటుంది. అది చెప్పడం నిజంగా అవసరం. టిర్జెపటైడ్ కడుపును నెమ్మదింపజేసే తీరు మొదటి డోసప్పుడు చాలా గట్టిగా ఉంటుంది. 5 మిల్లీగ్రాముల డోసు ఒక్కటి ఇచ్చి చూస్తే, గర్భనిరోధక మాత్రలోని ఈస్ట్రోజెన్ రక్తంలో చేరే గరిష్ఠ మోతాదు సుమారు 59 శాతం తగ్గింది. అందుకే ఆ మందు తయారీదారు సమాచారంలోనే రాసి ఉంటుంది: మాత్రలు వాడేవాళ్లు ఇంజెక్షన్ మొదలుపెట్టాక 4 వారాలు, ఆ తర్వాత డోసు పెంచిన ప్రతిసారీ 4 వారాలు కండోమ్ కూడా వాడాలి, లేదా కాపర్ టీ లాంటి వేరే పద్ధతికి మారాలి. సెమాగ్లూటైడ్‌తో ఇలాంటి తేడా కనబడలేదు. కానీ మాత్ర మింగిన కాసేపటికే వాంతి అయితే ఏ ఇంజెక్షన్ అయినా ఒకటే, ఆ మాత్ర పోయినట్టే లెక్క. దీనికి తోడు బరువు తగ్గితే అంతకుముందు సరిగా రాని నెలసరి సర్దుకుని, గర్భం రావడం తేలికవుతుంది. కాబట్టి మీ చెల్లెలికి ఈ భాగం చదివి వినిపించండి, డోసు ఈమధ్యే పెంచారేమో అడగండి. పిల్లలు కావాలనుకున్నప్పుడూ వెంటనే కాదు, కొన్ని వారాల ముందే మందు ఆపాలి. సెమాగ్లూటైడ్‌కైతే కనీసం రెండు నెలలు, ఎందుకంటే చివరి సూది తర్వాత కూడా అది ఒంట్లో అయిదు వారాల దాకా ఉంటుంది.

ఫ్రెండ్ ఇచ్చిన స్ట్రిప్ దగ్గరికి వద్దాం. ఓర్లిస్టాట్ పేగుల్లోనే పని చేస్తుంది, తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం ఒంటికి పట్టకుండా బయటికి పంపేస్తుంది. ఆ కొవ్వుతో పాటు ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా కొంత పోతాయి. మీ థైరాయిడ్ మాత్రకూ దానికీ పడదు, రెండింటి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్‌ని అది సరిగా పట్టనివ్వదు, మూర్ఛ మందుల్ని కూడా బలహీనపరచవచ్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, ఇప్పటికే సగం తిండి తింటూ, నీరు తగ్గి, లేస్తే కళ్లు తిరుగుతున్న మీకు జిడ్డు విరేచనాలు తెచ్చే మందు ఎందుకు?

ఒకటికి రెండు కలిపితే రెట్టింపు ఫలితం అన్న ఆశ కొత్తది కాదు. 1990లలో అమెరికాలో ఫెంటెర్మిన్, ఫెన్‌ఫ్లూరమిన్ అనే రెండు మందుల్ని కలిపి విపరీతంగా రాశారు. విడివిడిగా రెండింటికీ అనుమతి ఉంది, కలిపి వాడటానికి మాత్రం అనుమతి ఎప్పుడూ లేదు. గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. 1997 సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్ నుంచి తీసేశారు. ‘హెర్బల్’ అని అమ్మే సన్నబడే పొడుల సంగతీ అంతే. 2010లో గుండె ప్రమాదాల వల్ల వెనక్కి తీసుకున్న సిబుట్రమిన్ వాటిలో రహస్యంగా కలిపి దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. డబ్బా మీద పేరే లేని మందు మీ మాత్రలతో ఎలా కలుస్తుందో ఏ డాక్టరు చెప్పగలరు?

మీకు ఇప్పుడు నెలకు రెండు కిలోలు తగ్గుతున్నాయి. ఇంతకంటే తొందర అక్కర్లేదు. ఈరోజు ఫోన్ చేసేటప్పుడు స్ట్రిప్పులన్నీ ముందు పరుచుకుని, ప్రతి దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి వినిపించండి. ఇంజెక్షన్ రాసిన డాక్టరుకూ అదే జాబితా పంపండి. ఓర్లిస్టాట్ స్ట్రిప్ మాత్రం ఆ పక్కన పెట్టకుండా మీ ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చేయండి. తను కూడా ఇంకేమేం మాత్రలు వేసుకుంటోందో ఆ పూటే అడగండి.